పొగడ్తలు సరే, బిల్లు సంగతేంటి?

ప్రశ్న: మేడమ్, నా భార్య మూడేళ్లుగా ఇంటి నుంచే పిల్లల బట్టలు కుట్టి అమ్ముతోంది. ఒక్క మిషనుతో మొదలుపెట్టింది, ఇప్పుడు ఇద్దరు సహాయకులు కూడా ఉన్నారు, ఆర్డర్లు బాగానే వస్తున్నాయి. మాకు తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. నేను ఉద్యోగం చేస్తాను, ఇంట్లో కూడా చేతనైనంత సాయం చేస్తాను. మొన్న మదర్స్ డే రోజు, ఆమె బాబును ఒళ్లో కూర్చోబెట్టుకుని మిషను కుడుతున్న ఫొటో పెట్టి "మా ఇంటి సూపర్ ఉమన్" అని రాశాను. బోలెడు లైకులు వచ్చాయి. ఆమె మాత్రం అది చూసి, "ఆ రోజు వాడికి జ్వరం, నాకు డెలివరీ. ఫొటో తీసే బదులు వాడిని ఎత్తుకుని ఉంటే ఆ జిప్పు తిరగేసి కుట్టేదాన్ని కాదు" అంది. అప్పటినుంచి సరిగ్గా మాట్లాడట్లేదు. దీనికితోడు మా చెల్లెలు పిల్లలకు బట్టలు కుట్టించుకుని, మనవాళ్లమే కదా కాస్త తగ్గించమంటే కుదరదంది. మా అమ్మకు కోపం వచ్చింది. మధ్యలో నేను నలిగిపోతున్నాను. మెచ్చుకున్నా తప్పేనా? ఆమెకు నిజంగా అండగా ఉండాలంటే ఏం చేయాలి? అవసరమైతే ఉద్యోగం మానేసి ఆమె వ్యాపారంలోకే వచ్చేద్దామని కూడా ఆలోచిస్తున్నాను. — ఒక పాఠకుడు

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ మీద జాలేసింది, రెండోసారి ఆ జిప్పు దగ్గర ఆగిపోయాను. భార్య విసుక్కుంటే "ఆడవాళ్లింతే" అని టీవీ పెట్టుకుని కూర్చునేవాళ్లు ఎంతోమంది ఉన్నారు, మీరు అలా కాకుండా ఇంత ఉత్తరం రాశారు కాబట్టి మీతో మొహమాటం లేకుండానే మాట్లాడొచ్చు అనుకుంటున్నాను.

మెచ్చుకోవడం తప్పు కాదండీ. కానీ ఆ ఫొటోలో మీకు కనిపించింది ఆమె సత్తా. ఆమెకు గుర్తున్నది ఒళ్లు కాలిపోతున్న పిల్లాడు, సాయంత్రానికి ఇచ్చేయాల్సిన గౌను, ఆ హడావిడిలో తిరగేసి కుట్టిన జిప్పు. జిప్పు తిరగబడితే ఏమవుతుందో మీరు పక్కన కూర్చుని ఎప్పుడైనా చూశారా? మొత్తం విప్పాలి. గుడ్డ చిరగకుండా ఒక్కో కుట్టూ లాగాలి, పాత కుట్టు తాలూకు చిల్లులు కనపడకుండా ఇస్త్రీ చేయాలి, మళ్లీ పిన్నులు పెట్టుకుని మొదటినుంచి కుట్టాలి. పావుగంట పని గంట అవుతుంది, ఒళ్లో పిల్లాడుంటే ఇంకా ఎక్కువ. ఆ గంటలో ఆమెకు ఇంకో జత చేతులు కావాలి. ఉన్నాయి, ఎదురుగానే ఉన్నాయి, కాకపోతే వాటిలో ఫోన్ ఉంది.

ఈ సూపర్ ఉమన్ బిరుదుతో నాకు మొదట్నుంచీ పేచీనే. మహిళా దినోత్సవం వచ్చిందంటే చాలు, ఎనిమిది చేతుల ఆడమనిషి బొమ్మ ఒకటి అందరి ఫోన్లలోకీ వచ్చేస్తుంది, ఒక చేతిలో ల్యాప్‌టాప్, ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో పసిబిడ్డ. ఇంట్లో మిగతావాళ్ల రెండేసి చేతులు ఏమయ్యాయో గీయాలని ఎవరికీ తోచదు. "ఆమె అన్నీ చేసేయగలదు" అని పదిమందిలో ఒకసారి చాటాక, నావల్ల కావట్లేదు అనడానికి ఆమెకు నోరు రాదు. అంటే బిరుదు పోతుంది కదా! మీ ఆవిడ ఆ బిరుదు తీసుకోకుండా తిరిగి ఇచ్చేసింది, నాకైతే ముచ్చటేసింది.

ఇక మీరు చేసే సాయం గురించి. చేస్తున్నారనే నమ్ముతాను. అయినా ఆమె ఎందుకు అలసిపోతోందో అర్థం కావాలంటే అలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త 2019లో ప్రచురించిన అధ్యయనం మీకు పనికొస్తుంది. ఇంటి పని అంటే కంటికి కనిపించే చాకిరీ మాత్రమే కాదని, దాని వెనక బుర్రతో చేసే పని నాలుగు దశల్లో ఉంటుందని ఆమె భార్యాభర్తల జంటలతో మాట్లాడి రాశారు. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దారులు వెతకడం, ఏదో ఒకటి నిర్ణయించడం, అది జరిగిందో లేదో చూసుకోవడం. నిర్ణయం దగ్గర మగవాళ్లూ ఆడవాళ్లూ ఇంచుమించు కలిసే కూర్చుంటారట. ముందు పసిగట్టడం, చివర కనిపెట్టుకుని ఉండడం మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల నెత్తినే పడుతున్నాయట. బాబు జ్వరాన్నే తీసుకోండి. డాక్టరు దగ్గరికి మీరే తీసుకెళ్లి ఉండొచ్చు, కాదనను. కానీ రాత్రి వాడి ఒళ్లు వెచ్చగా ఉందని చూసిందెవరు, జ్వరం మందు సీసా అడుగంటిందని గుర్తున్నది ఎవరికి, పొద్దున్నే డాక్టరు ఉంటారో లేదో కనుక్కున్నది ఎవరు, మూడో రోజు కూడా మందు వేశారా అని అడిగిందెవరు? కటింగ్ చేసేటప్పుడు కూడా ఈ లెక్కలన్నీ ఆమె తలలో తిరుగుతూనే ఉంటాయి. మీరు "ఏం చేయమంటావో చెప్పు, చేస్తాను" అన్న ప్రతిసారీ ఆమె తన పని ఆపి మీకు పని అప్పజెప్పాలి, అది కూడా ఒక పనే.

ఇది మీ ఒక్క ఇంటి గోలేం కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచం మొత్తం మీద జీతం లేని ఇంటి పని, పిల్లల పని, ముసలివాళ్ల సేవ అన్నీ కలిపి లెక్కేస్తే ఆ గంటల్లో 76.2 శాతం ఆడవాళ్లవే, మగవాళ్లతో పోలిస్తే మూడు రెట్లకు పైనే. ఆ పనికి విలువ ఉందని అందరం ఒప్పుకుంటాం, ఉపన్యాసాలిస్తాం. అది ఆగిపోతే ఏమవుతుందో ఐస్‌లాండ్ 1975 అక్టోబర్ 24న చూసింది. ఆ దేశపు ఆడవాళ్లలో సుమారు 90 శాతం మంది ఒక్క రోజు ఆఫీసు పని, ఇంటి పని, పిల్లల పని అన్నీ మానేశారు. తండ్రులు పిల్లల్ని వెంటేసుకుని ఆఫీసులకు వెళ్లాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే స్త్రీపురుష సమానత్వ చట్టం వచ్చింది. మీ ఆవిడ సమ్మె చేయలేదు, కేవలం మాట్లాడడం తగ్గించింది, కాబట్టి మీకింకా టైముంది.

ఏం చేయాలంటే, అన్నిట్లో కాస్త కాస్త చేయి పెట్టడం మానేసి, రెండు మూడు విషయాలు మొత్తంగా మీవి చేసుకోండి. పిల్లల ఒంట్లో బాగోకపోతే ఇక అది మీ శాఖ అనుకోండి, మందుల పెట్టె, టీకాల కార్డు, డాక్టరు అపాయింట్‌మెంటు, రాత్రి లేచి ఒళ్లు చూడడం, అవసరమైతే ఆఫీసుకు హాఫ్ డే పెట్టడం దాకా. స్కూలు వ్యవహారం కూడా తీసుకోవచ్చు. ఒక చిన్న పని రేపే చేయండి, స్కూల్లో ఇచ్చిన నంబర్లలో మొదటిది ఎవరిదో చూసి, ఆమెదైతే దాని స్థానంలో మీది పెట్టించండి. బాబు పడి మోకాలు చెక్కుకుపోతే ముందు మోగేది మీ ఫోన్ అవ్వాలి. మీరు మీటింగులో ఉంటారు, నిజమే. ఆమె కూడా అప్పుడు ఖాళీగా ఉండదు కదా, ఎవరి చంటిపిల్లకో చంకలో గుచ్చుకోకుండా కుట్టు తిప్పుతూ ఉంటుంది. మొదట్లో మీరు కొన్ని మర్చిపోతారు, పాప డ్రాయింగ్ షీట్ లేకుండానే స్కూలుకెళ్తుంది, ఒకరోజు తిట్లు పడతాయి. పడనివ్వండి. ఆమె మధ్యలో దూరి సరిచేయబోతే వద్దని చెప్పండి, అప్పుడే ఆ పని ఆమె తలలోంచి నిజంగా దిగుతుంది.

ఇంటి నుంచి వ్యాపారం చేసే తల్లులకు ఇంకో తలనొప్పి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. "ఇంట్లోనే ఉంటావు కదా" అనే మాట. కొరియర్ వస్తే తలుపు తీయాలి, ప్లంబర్ వస్తే పక్కన నిలబడాలి, చుట్టాలొస్తే కూర్చుని కబుర్లు చెప్పాలి, పక్కింటివాళ్లు వాళ్ల పిల్లాడిని "ఒక్క అరగంట చూడు" అని వదిలేసి వెళ్తారు. మీరు ఆఫీసులో ఉండగా ప్లంబర్ దగ్గర నిలబడమని మిమ్మల్ని ఎవరైనా పిలుస్తారా? ఆమె పని గంటలు ఏవో ఇద్దరూ కూర్చుని ఖాయం చేసుకోండి, ఆ గంటల్లో ఆమె ఇంట్లో లేదని లెక్క. ఈ సంగతి మీ అమ్మగారికి, చుట్టాలకు, పిల్లలకు మీరే చెప్పాలి, ఎందుకంటే ఆమె చెబితే పొగరంటారు. గదికి తలుపుంటే మూసుకోనివ్వండి. తలుపు లేకపోతే ఒక కర్టెనైనా కట్టి, కర్టెన్ వేసి ఉంటే అమ్మను పిలవకూడదని బాబుకు నేర్పండి. నాలుగేళ్లవాడికి అర్థం కాదంటారేమో, వాడికి కార్టూన్ టైం అర్థమవుతోంది కదా!

ఆమె అంతకుముందు ఉద్యోగం చేసేదో లేదో మీరు రాయలేదు. చాలామంది తల్లులు ఉద్యోగం వదిలి సొంత వ్యాపారం వైపు రావడానికి వెనక కారణాలున్నాయి. 2007లో అమెరికాలో కోర్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. చదువు, అనుభవం సరిసమానంగా ఉన్న దరఖాస్తులు తయారుచేసి, కొన్నిట్లో మాత్రం ఈమెకు పిల్లలున్నారు అని తెలిసేలా ఒక ముక్క పెట్టారు. అంతే, ఆ తల్లులు అంత సమర్థులు కారని, పని మీద అంత శ్రద్ధ ఉండదని మార్కులు పడ్డాయి, ఇవ్వజూపిన జీతం పిల్లలు లేని ఆడవాళ్లకన్నా సుమారు 11,000 డాలర్లు తక్కువ. తండ్రులకు మాత్రం ఏ నష్టమూ జరగలేదు. 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. ఒకే రకం ఉద్యోగంలో ఉన్న ఆడవాళ్ల సంపాదనకూ మగవాళ్ల సంపాదనకూ మధ్య ఈ రోజుల్లో కనిపించే తేడా చాలావరకు మొదటి బిడ్డ పుట్టినప్పటి నుంచే మొదలవుతుందని ఆమె లెక్కలతో చూపించారు. వేళాపాళా లేకుండా అందుబాటులో ఉండేవాళ్లకే పెద్ద జీతాలిచ్చే ఉద్యోగాలున్నాయి, ఇద్దరిలో ఒకరు వాటికి వెళ్తే రెండోవాళ్లు ఇంటికి అందుబాటులో ఉండాల్సిందే. ఆ రెండోవాళ్లు ఎవరో చెప్పనక్కర్లేదు. టైము చేతిలో ఉంటుందని సొంత వ్యాపారం పెడతారు, తీరా చూస్తే వ్యాపారానికీ వేళాపాళా ఉండదు. జ్వరమొచ్చినా, కానుపు అయినా సెలవు మంజూరు చేసే బాస్ లేడు. మీ ఉద్యోగంలో మీకు సెలవులున్నాయి, ఆమెకు లేవు. కాబట్టి పిల్లలకు బాగోలేని రోజు సెలవు పెట్టాల్సింది మామూలుగా మీరే అవుతారు, ఇందులో త్యాగమేమీ లేదు, సదుపాయం ఎవరికుంటే వాళ్లు వాడుకోవడమే.

ఇప్పుడు మీ చెల్లెలి సంగతికొద్దాం. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మనిషి మీ ఆవిడే, అందులోనూ ఈ "కుదరదు" అన్న చోట. లెక్క చూడండి. ఒక గౌను వందకు అమ్మితే గుడ్డ, లైనింగు, దారం, గుండీలు, కరెంటు, సహాయకుల కూలి పోను ఇరవై మిగులుతుందనుకుందాం. "పదే కదా తగ్గించమంది" అంటారు. ఆ పది పోయేది వందలోంచి కాదు, ఇరవైలోంచి. లాభం సగమైపోయింది. ఒక గౌనుకు వచ్చే లాభం కోసం ఇప్పుడు రెండు గౌన్లు కుట్టాలి. ఇరవై తగ్గిస్తే ఊరికే కుట్టి పెట్టినట్టే. ఇంకా ఆ ఖర్చుల్లో ఆమె సొంత కూలి వేసుకుందో లేదో అడిగి చూడండి. ఇంట్లో పని చేసే ఆడవాళ్లు ధర కట్టేటప్పుడు ముందుగా కొట్టేసేది తమ కూలినే, సహాయకురాలికి గంటకింత అని లెక్కగా ఇచ్చి తనకు మాత్రం మిగిలితే మిగిలినంత అనుకుంటారు. కొలతలు తీసుకున్న టైము, ఫోన్లో రంగుల గురించి చేసిన చర్చ, సైజు చాలలేదని తిరిగొస్తే మళ్లీ వదులు చేసిన టైము, వీటన్నిటికీ డబ్బు రావాలంటే అది ఆ ధరలోంచే రావాలి. మొహమాటానికి పోతే ఏమయిందో ఒక సామెత ఉంది, పూర్తిగా ఇక్కడ రాయలేను గానీ మీకు తెలిసే ఉంటుంది.

వ్యాపారం చేసే ఆడవాళ్లకు దగ్గరివాళ్లే ఖరీదైన కస్టమర్లు. తెలియనివాళ్లు ధర అడుగుతారు, నచ్చితే కొంటారు, లేకపోతే పోతారు. మనవాళ్లయితే తగ్గించమంటారు, డబ్బు తర్వాత ఇస్తామంటారు, రేపటికల్లా కావాలంటారు, బాగా రాకపోతే మొహం మీద చెప్పకుండా పెళ్లిళ్లలో చెబుతారు. ఆ పక్కనే పెద్ద షాపులో లేబుల్ మీద ఎంతుంటే అంత కిక్కురుమనకుండా కట్టి వస్తారు, అదే నాకు ఆశ్చర్యం. మీ చెల్లెలికి చెప్పాల్సింది మీ ఆవిడ కాదు, మీరు. "వదినకు అది ఇల్లు గడిచే సంపాదన, ధర ధరే" అని ఒక్క ఫోన్ కాల్. చెల్లెలి పిల్లలకు ఏదైనా ఇవ్వాలని మీకుంటే సంతోషంగా ఇవ్వండి, ఆ తగ్గింపు మీ జేబులోంచి తీసి మీ ఆవిడ బిల్లులో కట్టండి, అప్పుడు ప్రేమా మీదే ఖర్చూ మీదే. మీ అమ్మగారి కోపం దానంతటదే దిగుతుందని నేను హామీ ఇవ్వలేను. కానీ ఆవిడ కోపం కొడుకు మీద ఉంటే ఇల్లు నడుస్తుంది, కోడలి మీదకు మళ్లితే నడవడం కష్టం, అలా మళ్లకుండా చూడడమే మీ పని.

ఎవరైనా సరే, ఆడవాళ్ల వ్యాపారానికి అండగా ఉంటాం అంటే నేను మొదట అడిగేది ఇదే, టైముకు డబ్బు కడుతున్నారా? చిన్న వ్యాపారాలు నష్టాల వల్ల కన్నా చేతిలో డబ్బాడక ఎక్కువ అవస్థ పడతాయి. కాగితం మీద లాభం కనిపిస్తుంది, కానీ కుట్టి పంపిన వాటికి డబ్బు రాలేదు, గుడ్డల షాపువాడు మాత్రం రొక్కం అడుగుతాడు, సహాయకులకు శనివారం ఇవ్వాలి. అప్పుడు ఆమె ఇంటి ఖర్చుకు దాచిన డబ్బు తీస్తుంది, లేదా కొత్త ఆర్డర్ వదులుకుంటుంది. సగం అడ్వాన్సు తీసుకోకుండా కత్తెర పట్టనని ఆమె రూలు పెట్టుకుంటే మీరు వెనక నిలబడండి. మీ ఆఫీసులోవాళ్లు మీ ద్వారా ఆర్డరిచ్చి డబ్బు నాన్చితే, వసూలు చేసే బాధ్యత మీది.

రాత్రి భోజనాల దగ్గర ఆమె వ్యాపారం గురించి మీరు ఏమడుగుతారు? కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు న్యూయార్క్‌లో జరిగిన ఒక స్టార్టప్ పోటీలో పెట్టుబడిదారులు అడిగిన ప్రశ్నలన్నీ పోగేసి చూసి, 2017లో ఫలితాలు బయటపెట్టారు. మగవాళ్లను అడిగిన ప్రశ్నల్లో దాదాపు మూడింట రెండొంతులు ఎంత పెరుగుతావు, ఎంతమందిని చేరతావు అనే ధోరణిలోవి. ఆడవాళ్లను అడిగిన వాటిలో అంతే భాగం ఉన్న కస్టమర్లు పోకుండా ఎలా చూసుకుంటావు, నష్టం ఎలా తప్పించుకుంటావు అనే రకం. ఆడ పెట్టుబడిదారులు కూడా అలాగే అడిగారట. డబ్బు ఎక్కువగా ఎవరికి వచ్చిందో ఊహించగలరు. అందులో పనికొచ్చే ముక్క ఇంకోటి ఉంది, నష్టం గురించి అడిగినా ఎదుగుదల గురించి జవాబిచ్చినవాళ్లు, అడిగినదానికే జవాబిచ్చినవాళ్ల కన్నా చాలా ఎక్కువ పెట్టుబడి తెచ్చుకున్నారు. ఇది మీ ఆవిడకు చెప్పండి, రేపు బ్యాంకులో పనికొస్తుంది. మీరు మాత్రం "ఇంత పని ఎందుకు నెత్తినేసుకుంటావ్", "పిల్లల్ని ఎవరు చూస్తారు" అనే రకం ప్రశ్నలు కాసేపు పక్కనపెట్టి, ఇంకో మిషను కొంటే నెలకు ఎన్ని ఎక్కువ కుట్టగలవు అని అడిగి చూడండి. అడిగాక మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి, అది అన్నిటికన్నా కష్టం.

బ్యాంకు అన్నాను కాబట్టి ఖాతా గురించి. అమెరికాలో 1988లో మహిళల వ్యాపార యాజమాన్య చట్టం వచ్చేదాకా కొన్ని రాష్ట్రాల్లో ఆడమనిషి వ్యాపారానికి అప్పు కావాలంటే భర్తో తండ్రో అన్నదమ్ములో సంతకం పెట్టాల్సి వచ్చేది. మరీ తాతల కాలం ముచ్చట కాదు, మనలో చాలామంది అప్పటికే పుట్టి ఉన్నాం. చట్టాల్లో పోయినా ఇళ్లలో ఆ అలవాటు మిగిలింది, వ్యాపారం ఆమెది, డబ్బు పడేది ఆయన ఖాతాలో. మీ ఇంట్లో ఎలా ఉందో చూసుకోండి. వ్యాపారానికి విడిగా ఒక ఖాతా, అది ఆమె పేరు మీద, రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీద, ఇంటి ఖర్చులు అందులోంచి తీయకుండా ఆమె తనకు నెలకు ఇంత అని జీతం రాసుకోవడం. ఈ జీతం రాసుకున్న రోజున వ్యాపారం నిజంగా నడుస్తోందో లేదో లెక్క తేలుతుంది, రేపు అప్పు కావాలన్నా చూపించడానికి కాగితం ఉంటుంది.

మరి మెచ్చుకోవడం పూర్తిగా మానేయాలా అంటే, అబ్బే, మానకండి. త్యాగాన్ని కాదు, పనితనాన్ని మెచ్చుకోండి. కాలర్ ఎంత చక్కగా తిరిగిందో చూసి చెప్పండి, చారల గుడ్డలో రెండు వైపుల చారలు కుట్టు దగ్గర కలిసేలా కత్తిరించడం ఎంత కష్టమో తెలుసుకుని చెప్పండి, ఆ నసపెట్టే కస్టమరుతో గొంతు పెంచకుండా మాట్లాడి మొత్తం డబ్బు వసూలు చేసిన సంగతి పిల్లల ముందు చెప్పండి. పాపకు అమ్మ అలసిపోతుందని ఎలాగూ తెలుసు, అమ్మకు పని బాగా వచ్చని కూడా తెలియాలి. పోస్టు పెట్టాలనే ఉంటే ఆమెను అడిగి, ఆమె కుట్టిన గౌను ఫొటో పెట్టి, వ్యాపారం పేరూ ఆర్డర్ ఇవ్వాల్సిన నంబరూ పెట్టండి. ఆ బోలెడు లైకుల్లో నాలుగైనా ఆర్డర్లయితే ఆమె తప్పకుండా మాట్లాడుతుంది, కనీసం డెలివరీ తేదీల గురించైనా.

చివరిగా ఉద్యోగం మానేసి ఆమె వ్యాపారంలో చేరే ఆలోచన. తొందరపడకండి. మీ జీతం ఇప్పుడు ఆ ఇంటికి నెలనెలా ఖాయంగా వచ్చేది, ఆ ధైర్యంతోనే ఆమె ఒక ఆర్డరు తప్పినా తట్టుకోగలుగుతోంది. ఇద్దరూ ఒకే వ్యాపారం మీద ఆధారపడితే డల్ సీజన్లో ఇద్దరికీ టెన్షనే. పైగా నేను చూసిన కొన్ని ఇళ్లలో ఆయన "సాయానికి" వచ్చి, మొదట లెక్కలు చూసి, తర్వాత కస్టమర్లతో మాట్లాడి, రెండేళ్లు తిరిగేసరికి కౌంటర్ దగ్గర ఆయన కూర్చుంటే ఆమె వెనక గదిలో మిషను ముందు మిగిలింది. మీరలా చేస్తారని కాదు, బయటివాళ్లే చేయిస్తారు, మగమనిషి కనిపిస్తే చాలు ధర ఆయన్నే అడుగుతారు. అసలు ముందు ఆమెకు మీరు అక్కడ కావాలో వద్దో అడిగారా? ఉత్తరంలో ఎక్కడా ఆ మాట లేదు. అడగండి. వద్దంటే మనసుకు తీసుకోకండి, రోజంతా ఒకే గదిలో మొగుణ్ని చూడాలని ఎవరికుంటుంది చెప్పండి! ముందు సెలవు రోజుల్లో మాత్రమే డెలివరీలూ, గుడ్డలు తేవడమూ చేసి చూడండి, ఆమె చెప్పిన పని ఆమె చెప్పిన పద్ధతిలో చేయడం మీకు చేతనవుతుందో లేదో అక్కడే తేలిపోతుంది. అన్నీ కుదిరి చేరాల్సి వస్తే ఏ పని మీది, జీతమెంత, ఎవరికి జవాబు చెప్పాలి అన్నవి కాగితం మీద రాసుకోండి, యజమాని అని ఉన్నచోట ఆమె సంతకం పెట్టించండి. ఆరు నెలలు ట్రయల్ మీద తీసుకుంటానంటే ఒప్పుకోండి.